మీకు తెలుసా? ఆగడం నేర్చుకున్న తెర

మా మేనల్లుడు రెండేళ్లు డబ్బు కూడబెట్టి మొన్న సంక్రాంతికి 27 అంగుళాల 4కె మానిటర్ కొన్నాడు. పెట్టె మీద 144 హెర్ట్జ్ అని పెద్దక్షరాలు, పక్కనే అడాప్టివ్ సింక్ అని చిన్నక్షరాలు. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇంత పోసి కొన్నానా, ఆటలో కారు మలుపు తిప్పితే చాలు, బొమ్మ నడిమికి తెగిపోతోంది" అని ఏడుపు ఒక్కటే తక్కువ. వెళ్లి చూస్తే తప్పు మానిటర్‌ది కాదు. ఎవరిదో చివర్లో చెబుతాను. ముందు ఆ చిన్నక్షరాల కథ.

తెర మీద బొమ్మ ఒక్కసారిగా పడదు

పై వరుసతో మొదలుపెట్టి కింది వరుస దాకా, ఒక్కో వరుసే గీసుకుంటూ వస్తుంది మానిటర్. 60 హెర్ట్జ్ అంటే సెకనుకు 60 సార్లు ఈ పని, విడతకు 16.67 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ అయితే 6.94. తెర ఇలా గడియారం పెట్టుకుని పనిచేస్తుంది. బొమ్మలు, అంటే ఫ్రేములు, తయారుచేసే గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం గడియారం లేదు. ఖాళీ ఆకాశం చూపించాలంటే 5 మిల్లీసెకన్లలో ముగిస్తుంది, ఎదురుగా పెట్రోలు బంకు పేలిందంటే 25 పట్టవచ్చు. చిక్కంతా ఈ ఇద్దరికీ జోడీ కుదరకపోవడంలోనే ఉంది.

పెళ్లి పంక్తిని తలచుకోండి. వడ్డించే ఆయన మొదటి విస్తరి నుంచి చివరి విస్తరి దాకా ఒకే వేగంతో నడుస్తాడు, చివరికి చేరగానే వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెడతాడు. వంటవాళ్లేమో ఏ వంటకం దిగితే ఆ గిన్నె తెచ్చి, అతనెక్కడుంటే అక్కడే చేతిలో గిన్నె మార్చేస్తున్నారు. సగం పంక్తిలో ఉండగా గిన్నె మారిందంటే ముందు కూర్చున్నవాళ్లకు పులిహోర, వెనకవాళ్లకు దద్దోజనం. మానిటర్‌లో దీన్నే టియరింగ్ అంటారు. పైభాగం పాత ఫ్రేము, కిందిభాగం కొత్త ఫ్రేము, మధ్యలో అడ్డంగా ఒక చీలిక. కరెంటు స్తంభాలు, తలుపులు, గోడల అంచులు పక్కకు జరిగేటప్పుడు ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, స్తంభాన్ని ఎవరో గొడ్డలితో నరికి అర అడుగు జరిపినట్టు.

దీనికి పాత మందు వి-సింక్. "పంక్తి పూర్తయ్యేదాకా గిన్నె మార్చడానికి వీల్లేదు" అన్న నియమం. చీలిక పోయింది. కానీ వంట ఒక్క క్షణం ఆలస్యమైతే వడ్డించే ఆయన ఆగడు, పాత గిన్నెతోనే ఇంకో చుట్టు తిరిగొస్తాడు. 60 హెర్ట్జ్ తెరకు ఫ్రేము 17 మిల్లీసెకన్లలో తయారైందనుకోండి. ఆలస్యం మూడోవంతు మిల్లీసెకను. శిక్ష మాత్రం ఇంకో పూర్తి చుట్టు, అంటే ఆ బొమ్మ కోసం మనం 33 మిల్లీసెకన్లు చూడాలి. ఆట కాసేపు 60 ఫ్రేములతో జారుతూ, కాసేపు 30తో కుంటుతూ సాగుతుంది. మౌసు కదిపిన దానికీ తెర మీద కదలికకూ మధ్య ఎడం పెరుగుతుంది. అందుకే పోటీల్లో ఆడేవాళ్లు చీలికనైనా భరిస్తారు గానీ వి-సింక్ జోలికి పోరు.

అడాప్టివ్ సింక్ చేసేది ఒక్కటే. గిన్నె దిగేదాకా వడ్డించే ఆయన్ని వంటింటి గుమ్మం దగ్గర నిలబెడుతుంది. గిన్నె అందగానే నడక. కార్డు 17 మిల్లీసెకన్లు తీసుకుంటే తెర 17 ఆగుతుంది, 11 తీసుకుంటే 11.

ఆ గుమ్మం పాత టీవీ కట్టి వదిలేసింది

ఈ ముక్క నాకు అన్నిటికన్నా ఇష్టం. పాత డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ల పుంజం తెర కింది అంచుకు చేరాక మళ్లీ పైకి ఎగబాకాలి. ఆ ప్రయాణానికి కొంత వ్యవధి ఇవ్వాలి గనక సిగ్నల్‌లో బొమ్మ లేని వరుసలు కొన్ని వదిలేవాళ్లు. దాని పేరు వర్టికల్ బ్లాంకింగ్. మన దూరదర్శన్ నడిచిన పాల్ పద్ధతిలో ఫ్రేముకు 625 వరుసలు, బొమ్మకు దక్కేవి 576. తక్కినవి పుంజానికి దారి ఖర్చులు.

ఎల్‌సీడీ తెరలో పుంజం లేదు, పైకి ఎగబాకడమూ లేదు. అయినా ఆ ఖాళీ పోలేదు. తాతగారు పోయినా ఆయన పడక్కుర్చీ వసారాలోనే ఉన్నట్టు, డిజిటల్ సిగ్నల్‌లోనూ అలాగే ఉండిపోయింది. టీవీలకు వచ్చే 4కె 60 హెర్ట్జ్ సిగ్నల్‌లో కనిపించే వరుసలు 2160, లెక్కకు వచ్చేవి 2250. ఆ 90 వరుసల కాలం, మిల్లీసెకనులో మూడింట రెండు వంతులు, ఏమీ జరగదు.

2013లో ఇంజినీర్లు వాడుకున్నది ఈ ఏమీ జరగని వేళనే. కొత్త ఫ్రేము సిద్ధం కాలేదా, ఖాళీ వరుసలు ఇంకొన్ని పంపు. సిద్ధమైందా, ఖాళీ ఆపి బొమ్మ మొదలుపెట్టు. వరుస గీసే వేగం ఏమీ మారదు. సాగేదీ కుదించుకునేదీ ఖాళీయే. రిఫ్రెష్ రేటు మారుతోందని మనం అంటున్నామే, నిజానికి మారేది విరామం.

అదే ఖాళీలో ఒకప్పుడు వార్తలు వచ్చేవి

బ్రిటన్‌లో బీబీసీ 1974 సెప్టెంబరు 23న సీఫాక్స్ అనే సేవ మొదలుపెట్టింది. బొమ్మ లేని ఆ వరుసల్లోనే వార్తలు, వాతావరణం, ఆట స్కోర్లు సంకేతాలుగా దాచి పంపేవాళ్లు. రిమోట్ మీట నొక్కితే టీవీ వాటిని విప్పి అక్షరాలుగా చూపించేది. 2012 అక్టోబరులో అనలాగ్ ప్రసారాలతో పాటే అదీ ఆగిపోయింది. వినికిడి లేనివాళ్ల కోసం అమెరికా టీవీల్లో వచ్చిన ఉపశీర్షికలు కూడా ఈ ఖాళీలోని 21వ వరుసలో దాక్కుని వచ్చినవే.

60 ఫ్రేములే అయినా 144 తెర మీద ముందే కనిపిస్తాయి

ఇది చాలామంది గమనించని లాభం. ఆట సెకనుకు 60 ఫ్రేములే ఇస్తున్నా 144 హెర్ట్జ్ అడాప్టివ్ తెర ఒక్కో ఫ్రేమును గీయడానికి 16.67 మిల్లీసెకన్లు తీసుకోదు. తన వేగంతో దాదాపు 7 మిల్లీసెకన్లలో గీసేసి, మిగతా 10 కాళ్లు చాపుకు కూర్చుంటుంది. మామూలు 60 హెర్ట్జ్ తెరలో కింది వరుసకు బొమ్మ చేరేది 16 మిల్లీసెకన్లు దాటాక. అంటే ఆట వేగం పెరగకపోయినా ఆలస్యం తగ్గింది.

స్క్రూడ్రైవర్ పట్టుకుంటే గానీ పని జరిగేది కాదు

2013 అక్టోబరు 18న కెనడాలోని మాంట్రియల్‌లో ఎన్విడియా సంస్థ జీ-సింక్‌ను ప్రకటించింది. డూమ్ ఆట సృష్టికర్తల్లో ఒకరైన జాన్ కార్మాక్, అన్‌రియల్ ఇంజిన్ రూపకర్త టిమ్ స్వీనీ, బ్యాటిల్‌ఫీల్డ్ ఆటల వెనకున్న ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్ నిపుణుడు యోహాన్ ఆండర్సన్ ఆ వేదికెక్కారు. ఆటలు తయారుచేసేవాళ్లకే ఈ చీలికలూ తడబాట్లూ ఎక్కువ తలనొప్పి మరి.

అప్పటికి బజారులో అలాంటి మానిటర్ లేదు. అందుకని తొలి విడతగా ఒక పలకను కిట్‌గా అమ్మారు. ఏసుస్ వీజీ248క్యూఈ అనే 24 అంగుళాల మానిటర్ ఉన్నవాళ్లు దాని వీపు విప్పి, లోపలి బోర్డు తీసేసి, ఈ కొత్త పలక బిగించుకోవాలి. కొత్త మానిటర్‌ను చేజేతులా విప్పుకోవడానికి గుండె ధైర్యం కావాలి. అయినా కొన్నవాళ్లు కొన్నారు.

ఆ పలక మీద ఉన్నది ఎఫ్‌పీజీఏ రకం చిప్. తయారై వచ్చాక కూడా లోపలి అమరికను మార్చి రాసుకోగల చిప్ అది. కొద్ది సంఖ్యలో చేసే సరుక్కి సొంత చిప్ అచ్చు వేయించడం గిట్టదు, కాబట్టి ఇలాంటివి వాడతారు. విడిగా చూస్తే ఖరీదెక్కువ. పైగా పక్కన 768 మెగాబైట్ల మెమరీ. జీ-సింక్ మానిటర్లు మిగతావాటికన్నా ఎందుకంత ప్రియం అని అప్పట్లో అడిగినవాళ్లకు సగం జవాబు ఆ పలకలోనే ఉంది.

విలాసం పుట్టింది పొదుపులోంచి

మూడు నెలలు తిరక్కుండానే 2014 జనవరిలో పోటీదారు ఏఎండీ లాస్ వేగాస్ ప్రదర్శనలో రెండు తోషిబా ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టింది. రెండింటిలోనూ గాలిమర తిరుగుతోంది. ఒకదాంట్లో రెక్కలు తడబడుతూ, రెండోదాంట్లో నున్నగా. ప్రత్యేకమైన పలకా లేదు, అదనపు చిప్పూ లేదు. అవి మామూలుగా అంగట్లో దొరికే ల్యాప్‌టాప్‌లే.

అదెలా కుదిరింది? ల్యాప్‌టాప్ లోపల తెరను బోర్డుతో కలిపే ఎంబెడెడ్ డిస్‌ప్లేపోర్ట్ అనే ప్రమాణంలో 2009 నుంచే ఈ వెసులుబాటు ఉంది. పెట్టినది ఆటల కోసం కాదు, బ్యాటరీ కోసం. తెర మీద ఏమీ కదలనప్పుడు సెకనుకు 60 సార్లు అదే బొమ్మ మళ్లీ గీయడం దండగ కదా అని. కరెంటు మిగుల్చుకోవడానికి పెట్టిన ఏర్పాటును ఏఎండీ వాళ్లు ఆటలకు తిప్పారు. దానికి ఫ్రీసింక్ అని పేరు పెట్టడంలో ఎవరి మీద ఎత్తిపొడుపు ఉందో విడమరచి చెప్పక్కర్లేదు.

2014 మేలో వెసా అనే ప్రమాణాల సంస్థ దీన్ని అడాప్టివ్ సింక్ పేరుతో డిస్‌ప్లేపోర్ట్ 1.2ఎ లో చేర్చింది. 2015 మార్చికి ఫ్రీసింక్ మానిటర్లు అందుబాటులోకి వచ్చాయి. నాలుగేళ్లు ఎన్విడియా కార్డుకు జీ-సింక్, ఏఎండీ కార్డుకు ఫ్రీసింక్. మానిటర్ కొంటే కార్డును కూడా కట్టుకున్నట్టే, వియ్యంకులకు పడక పిల్లలు ఇరుక్కున్న చందం.

400లో 12

2019 జనవరిలో ఎన్విడియా మెట్టు దిగింది. వెసా పద్ధతి మానిటర్లు కూడా తమ కార్డులతో పనిచేస్తాయని ప్రకటిస్తూ, 400 మానిటర్లు పరీక్షిస్తే తమ గీటురాయికి నిలిచినవి 12 అని చెప్పింది. అక్కసు కొంత ఉండవచ్చు గానీ మాట పూర్తిగా తీసేయదగినది కాదు. ఫ్రీసింక్ ముద్ర వేసుకున్న తొలి మానిటర్లలో మంచివీ ఉన్నాయి, రేటు మారినప్పుడల్లా మిణుకుమనేవీ ఉన్నాయి. తర్వాత ఆ జాబితా పెరుగుతూ పోయింది. 2024 ఆగస్టులో చిప్‌ల సంస్థ మీడియాటెక్‌తో కలిసి, విడి పలక లేకుండా మానిటర్ మామూలు చిప్‌లోనే జీ-సింక్‌ను ఇమిడ్చే ఏర్పాటు ప్రకటించాక ఆ ఖరీదైన పలక కథ కంచికి దారి పట్టింది.

టూరింగ్ టాకీస్ ఆపరేటర్‌కు ఈ కిటుకు ముందే తెలుసు

అడాప్టివ్ తెరకూ ఓ కింది హద్దు ఉంటుంది, సాధారణంగా 48 హెర్ట్జ్ చుట్టుపక్కల. అంతకన్నా ఎక్కువసేపు ఆగితే ఎల్‌సీడీ చుక్కల్లో నిలిచిన విద్యుత్తు మెల్లగా జారిపోయి వెలుగు మారుతుంది. మరి ఆట సెకనుకు 40 ఫ్రేములకు పడిపోతే? ప్రతి ఫ్రేమునూ రెండుసార్లు చూపించి తెరను 80 హెర్ట్జ్‌లో నడుపుతారు. కార్డు చేసిన పని 40కే, తెర నడిచింది 80కి. ఏఎండీ 2015 నవంబరులో దీన్ని లో ఫ్రేమ్‌రేట్ కంపెన్సేషన్ అన్న పేరుతో తెచ్చింది.

పేరు కొత్తది, పని పాతది. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు. అంత నెమ్మదిగా వెలుగూ చీకటీ మారితే కళ్లు అదిరిపోతాయి. అందుకని ప్రొజెక్టర్‌లో తిరిగే షట్టర్‌కు రెండు రెక్కలు పెట్టి ప్రతి ఫ్రేమునూ రెండుసార్లు వెలిగించేవాళ్లు, 48 మెరుపులు వచ్చేలా. మూడు రెక్కలైతే 72. ఊరి చివర డేరాలో రీళ్లు మార్చిన ఆపరేటర్‌కు లో ఫ్రేమ్‌రేట్ కంపెన్సేషన్ అంటే నవ్వొస్తుంది.

ఇక్కడే కొనేవాళ్లు చూసుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఫ్రేమును రెట్టింపు చేయాలంటే రెట్టింపైన సంఖ్య తెర పై హద్దులో ఇమడాలి. 48–144 మానిటర్‌లో 45ను రెట్టిస్తే 90, బాగానే ఇమిడింది. అదే 48–75 మానిటర్‌లో 90కి చోటేదీ? ఇలాంటి తెరలో 48 కిందికి జారితే మళ్లీ పాత చీలికలూ తడబాట్లే. తొలినాళ్ల 4కె ఫ్రీసింక్ మానిటర్లలో 40–60 హద్దుతో వచ్చినవి ఉన్నాయి. పేరుకు అడాప్టివ్, బరువైన ఆట దగ్గర చేతులెత్తేసేవి. పై అంకె కింది అంకెకు కనీసం రెట్టింపు లేకపోతే పెట్టె మీది ముద్ర చూసి మురిసిపోకండి.

24 కంటి హద్దు కాదు

"మనిషి కన్ను 24 ఫ్రేములకు మించి చూడలేదు" అని ఇప్పటికీ ఎవరో ఒకరు వాదిస్తుంటారు. మాటలొచ్చిన సినిమా 1920ల చివర్లో ఆ అంకె దగ్గర స్థిరపడింది. శబ్దం సవ్యంగా వినపడాలి, ఫిలిం మరీ ఖర్చు కాకూడదు. కంటి డాక్టర్లను అడిగి పెట్టుకున్న లెక్క కాదది.

టీవీలో వచ్చిన పాత సినిమా ఏడు నిమిషాలు పొట్టి

ఈ 24 టీవీల దగ్గర పెట్టిన పేచీ ఇంతా అంతా కాదు. పాల్ టీవీ సెకనుకు 25 ఫ్రేములు చూపుతుంది. 24ను 25లో ఇరికించడానికి పాల్ దేశాల్లో మామూలుగా చేసేది సినిమానే కాస్త వేగంగా తిప్పడం. 4 శాతం వేగం. మూడు గంటల సినిమా 172 నిమిషాల 48 సెకన్లకే అయిపోతుంది. సరిదిద్దకుండా వదిలేస్తే శ్రుతి కూడా స్వరస్థానంలో నూటికి 70 వంతులు పైకి లేస్తుంది. ఘంటసాల పాటైనా సరే, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకు వినేవాళ్లకు ఏదో తేడా కొడుతుంది.

అమెరికా పద్ధతిలో తిప్పలు వేరు. 24ను 60లో అమర్చాలంటే ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతి ఫ్రేమును రెండుసార్లు చూపాలి. ఒకటి 50 మిల్లీసెకన్లు నిలుస్తుంది, ఇంకోటి 33. కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే దృశ్యాల్లో బొమ్మ అదిరినట్టు అనిపించేది అందుకే. మన కంప్యూటర్లలో సినిమా చూసినా ఇదే అదురు, ఎందుకంటే కంప్యూటర్ తెరలు అమెరికా వరవడిలో 60కి అలవాటుపడ్డాయి. అడాప్టివ్ తెరకు ఈ బాధ లేదు. ప్లేయర్ సహకరిస్తే 24ను 48గానో, 120 హెర్ట్జ్ తెరలో అయిదుసార్లుగానో సమానంగా పంచేస్తుంది. 2022 మేలో వెసా సంస్థ ఆటల తెరలకు ఒక ముద్ర, సినిమాలు చూసే తెరలకు మీడియాసింక్ అని ఇంకో ముద్ర విడివిడిగా పెట్టింది.

సెట్టింగ్స్‌లో కనిపించే ఆ 59.94 ఏమిటి?

1953 నాటి అప్పు. అమెరికాలో నలుపు తెలుపు ప్రసారాలకు రంగు జోడించినప్పుడు రంగు సంకేతమూ శబ్దమూ ఒకదాన్నొకటి చెడగొట్టకుండా 60ని వెయ్యో వంతు తగ్గించారు. డెబ్బై ఏళ్ల తర్వాతా విండోస్ జాబితాలో అది 60 పక్కనే కూర్చుని ఉంది.

మానిటర్‌కు ఫ్యాను

4కె అంటే 3840 అడ్డం, 2160 నిలువు, మొత్తం 82,94,400 చుక్కలు. మామూలు ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 144 సార్లు, కలిపితే సెకనుకు 2,867 కోట్ల బిట్లు. డిస్‌ప్లేపోర్ట్ 1.4 తీగ మోయగలిగింది 2,592 కోట్లు. పుట్టెడు వడ్లు పందుంలో పోయమంటే ఎలా?

2018లో తొలి 4కె 144 హెర్ట్జ్ మానిటర్లు, ఏసుస్ పీజీ27యూక్యూ, ఏసర్ ఎక్స్27, వచ్చినప్పుడు ఇదే జరిగింది. 120 హెర్ట్జ్ దాకా పూర్తి రంగులు. 144 కావాలంటే పక్కపక్క చుక్కలకు రంగు వివరం ఉమ్మడిగా పంపాలి. ఆటలో పెద్దగా తెలియదు గానీ ఎర్రక్షరాల చుట్టూ మసక కనిపించేది. అమెరికాలో ధర 2,000 డాలర్లు. లోపలి జీ-సింక్ పలక ఎంత వేడెక్కేదంటే మానిటర్ వెనక చిన్న ఫ్యాను పెట్టాల్సి వచ్చింది. రెండు వేల డాలర్లు పోసి కొన్న తెర గుర్రుమంటుంటే ఎలా ఉంటుందో ఊహించండి. తర్వాత డేటాను కుదించి పంపే డీఎస్‌సీ పద్ధతి మానిటర్లలోకి వచ్చాక, 4,800 కోట్ల బిట్లు మోసే హెచ్‌డీఎంఐ 2.1 అందాక ఈ ఇరుకు తీరింది. అడాప్టివ్ సింక్ హెచ్‌డీఎంఐ ప్రమాణంలోకి చేరిందీ ఈ 2.1తోనే. ఆట యంత్రాల్లో ఎక్స్‌బాక్స్ దాన్ని ముందే అందుకుంది, ప్లేస్టేషన్ 5కు 2022 ఏప్రిల్‌లో వచ్చింది.

ఒక మాట చెప్పాలి. అడాప్టివ్ సింక్ అవసరం ఎక్కువున్నది 4కె తెరకే. ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 300 ఫ్రేములు కురిపించేవాడికి చీలిక వచ్చినా అది తెర మీద ఉండేది కంటిరెప్పపాటు కన్నా తక్కువే. నాలుగింతల చుక్కలు మోస్తూ 50కీ 90కీ మధ్య ఊగిసలాడే కార్డుకే ఈ ఆగడం విలువ తెలుస్తుంది.

చీకట్లో మిణుకు

ఓలెడ్ తెరలు కొన్నవాళ్లు అప్పుడప్పుడు ఫిర్యాదు చేస్తుంటారు. ఆట మొదలయ్యే ముందు వచ్చే చీకటి తెర దీపం కొడిగట్టినట్టు మిణుకుమంటోందని. నలుపుకు కాస్త పైనుండే బూడిద ఛాయలను తయారీదారు ఒక స్థిరమైన రేటుకు సరిచూసి పంపుతాడు. ఆగే కాలం మాటిమాటికీ మారితే ఆ ఛాయల వెలుగు పిసరంత హెచ్చుతగ్గులవుతుంది. ఆట లోడ్ అయ్యేటప్పుడు ఫ్రేములు ఒక్కసారిగా ఎగిరి పడిపోతుంటాయి గనక అక్కడే ఎక్కువ బయటపడుతుంది. వీఏ రకం ఎల్‌సీడీల్లోనూ ఈ జబ్బు ఉంది. తెర పాడైందని కంగారు పడి వెనక్కి పంపేముందు ఆట వేగానికి ఒక హద్దు పెట్టి చూడండి.

ఆ హద్దు గురించే ఇంకో సంగతి

ఆట వేగం తెర పై హద్దును దాటితే అడాప్టివ్ సింక్ చేయగలిగింది ఏమీ లేదు. 144 తెరకు 160 ఫ్రేములు వస్తే మళ్లీ చీలికో, వి-సింక్ ఆలస్యమో. అందుకే అనుభవజ్ఞులు ఆటను 144కు కాకుండా 141కో, 138కో కట్టేస్తారు.

మణికట్టు మీద ఒక్క హెర్ట్జ్

బ్యాటరీ పొదుపులో పుట్టి ఆటల్లోకి వెళ్లిన ఈ విద్య మళ్లీ పుట్టింటికి చేరింది. 2017లో ఆపిల్ ఐప్యాడ్ ప్రో తెర 24 నుంచి 120 హెర్ట్జ్ మధ్య మారడం నేర్చింది. 2019లో వచ్చిన ఆపిల్ వాచ్ సిరీస్ 5 ఎల్‌టీపీఓ అనే తెరతో 1 హెర్ట్జ్‌కు దిగింది. సెకనుకు ఒక్కసారి గీస్తే చాలు, గడియారానికి అంతకన్నా పనేముంది? వాచీ తెర రోజంతా వెలుగుతూ ఉండగలగడానికి అదొక కారణం. మీ చేతిలోని ఫోన్ ఖరీదైనదైతే, మీరు చదువుతూ వేలు ఆపిన క్షణంలో దాని తెర కూడా నెమ్మదిస్తుంది.

ఇక మా మేనల్లుడి సంగతి

కొత్త మానిటర్‌కు కొత్త తీగ పెట్టెలోనే వచ్చింది. వాడు దాన్ని విప్పనే లేదు. బల్ల వెనక అప్పటికే సెట్‌టాప్ బాక్సు నాటి పాత హెచ్‌డీఎంఐ తీగ ఉంటే అదే గుచ్చేశాడు. విండోస్ సెట్టింగ్స్ తెరిస్తే 60 హెర్ట్జ్ కన్నా పై అంకె జాబితాలోనే లేదు. సరే, డిస్‌ప్లేపోర్ట్ తీగ తీసి కార్డుకు పెట్టాం, 144 ఎంచుకున్నాం. అయినా చీలిక పోలేదు. మానిటర్ కింది మీటలు నొక్కుతూ దాని సొంత మెనూలోకి వెళ్తే అడాప్టివ్ సింక్ ఎదురుగా 'ఆఫ్' అని ఉంది. చాలా మానిటర్లు కంపెనీ నుంచి అలాగే వస్తాయి. ఆన్ చేసి, కార్డు సెట్టింగ్స్‌లోనూ టిక్కు పెట్టి, కారును మళ్లీ అదే మలుపు తిప్పమన్నాను. కరెంటు స్తంభం నిలువుగా, ఒక్క ముక్కగా, పక్కనుంచి జారిపోయింది.

"మామయ్యా, ఇంకొక్క రౌండు చూడు" అన్నాడు. వంటింట్లోంచి మా అక్క కేకేసింది, వడ్డించి పావుగంటైందని, పులుసు చల్లారిపోయిందని.